వరస తప్పిన పాటలు

కొత్త సినిమా పాటలన్నీ ఒకే వీడియోగా గుదిగుచ్చి ఆడియో కంపెనీలు యూట్యూబ్‌లో పెడతాయి. దానికి పేరు 'జూక్‌బాక్స్'. తెలుగునాట ఆ మాట వినని సినిమా అభిమాని ఉండడు. అసలు జూక్‌బాక్స్‌ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం తక్కువే. అమెరికాలో ఒకప్పుడు బార్లలో, చిన్న చిన్న హోటళ్లలో, డాన్సు హాళ్లలో గోడవార నిలబడి ఉండే పెట్టె అది. ఒళ్లు బీరువాదీ, వెలుగు పెళ్లి పందిరిదీ. నాణెం వేసి మీట నొక్కితే అడిగిన పాట పాడేది.

పాత జూక్‌బాక్స్‌లు సేకరించేవాళ్లకు ఇప్పుడు అమెరికాలోనూ యూరప్‌లోనూ పెద్ద లోకమే ఉంది. వాళ్లింటికి చుట్టాలొస్తే ముందు రంగు దీపాలు చూసి అబ్బురపడతారు. ఇంటాయన చూపించాలని తహతహలాడేది అది కాదు. తాళం తీసి తలుపు తెరిచి, లోపలి చెయ్యి కదిలే తీరు చూడమంటాడు. వంద రికార్డుల్లోంచి కావలసిన ఒక్కదాన్నే తడుముకోకుండా తీసి, పాడించి, మళ్లీ దాని చోటులోనే పెట్టే ఇనుప చెయ్యి అది. కంప్యూటర్ అనే మాట సామాన్యుడి నోట పడకముందే ఆ చెయ్యి ఈ పని చేసింది.

1950ల నాటి సీబర్గ్ జూక్‌బాక్స్ ముందు కూర్చున్నవాడికి ఒక చిక్కు ఎదురయ్యేది. ముందు నాణెం వేసింది తాను. అయినా ముందు మోగింది పక్క టేబులు వాడు తర్వాత అడిగిన పాట. హోటలు వాణ్ని అడిగితే పెట్టె వైపు చెయ్యి చూపించడం తప్ప చెప్పగలిగిందేమీ లేదు. పెట్టె మొరాయించిందా అంటే, లేదు. దాని జ్ఞాపకశక్తి తీరే అంత. ఆ తీరు తెలియాలంటే ముందు దాని తాతల దగ్గరికి వెళ్లాలి.

1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలే రాయల్ అనే సారా దుకాణంలో లూయీ గ్లాస్ అనే వ్యాపారి ఒక ఎడిసన్ ఫోనోగ్రాఫును పెట్టించాడు. మైనపు గొట్టం మీద గీసిన ఒకే ఒక్క పాట. లౌడ్‌స్పీకర్ ఇంకా పుట్టలేదు. డాక్టరు స్టెతస్కోపు లాంటి నాలుగు గొట్టాలు పెట్టెకు వేలాడేవి. ఒక్కో గొట్టానికి ఒక్కో చీలిక, ఒక్కో చీలికలో ఒక్కో నికెల్ నాణెం, అంటే ఐదు సెంట్లు. నలుగురూ నాలుగు నాణేలు వేసి, చెవులకు గొట్టాలు తగిలించుకుని, ఆ ఒక్క పాటనే వినాలి. అయినా ఆరు నెలలు తిరగకుండానే ఆ పెట్టె వెయ్యి డాలర్లకు పైగా రాబట్టింది. పాటను చిల్లరకు అమ్మవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే.

తర్వాతి చిక్కు, పాటను ఎంచుకోవడం. 1906లో షికాగోలో జాన్ గేబెల్ తయారుచేసిన 'ఆటోమేటిక్ ఎంటర్‌టైనర్'లో 24 రికార్డులుండేవి. నాణెం వేసి, కావలసిన పాటకు ముల్లు తిప్పి, పక్కనున్న పిడిని చేత్తో తిప్పాలి. ఆ పిడి ఒక్కటే స్ప్రింగుకు కీ ఇచ్చేది, రికార్డు మార్చేది, అరిగిన సూది తీసేసి కొత్తది పెట్టేది. కరెంటుతో సంబంధం లేదు. పై నుంచి పెద్ద బాకా ఒకటి. సేకరించేవాళ్లలో పండితులనదగ్గవాళ్లు కొందరు జూక్‌బాక్స్ చరిత్రను గ్లాస్‌తో కాక గేబెల్‌తోనే మొదలుపెడతారు. ఎంపిక లేనిది జూక్‌బాక్సే కాదని వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది.

1920ల చివరికి కరెంటు, ఆంప్లిఫయర్, లౌడ్‌స్పీకర్ వచ్చి చేరాయి. అప్పటికి అమెరికాలో మద్యనిషేధం. 1933 డిసెంబరులో నిషేధం ఎత్తేసరికి వీధికో బారు లేచింది. బ్యాండు మేళానికి జీతమిచ్చే స్తోమత చాలా బార్లకు లేదు, నాణెం పెట్టె మాత్రం పెట్టుకోగలవు. సరిగ్గా ఆ సమయానికి నార్త్ టోనవాండా ఊళ్లో వుర్లిట్జర్ కంపెనీ దిక్కులు చూస్తోంది. మూకీ సినిమాలకు వాయించే బ్రహ్మాండమైన థియేటర్ ఆర్గన్లు దాని వ్యాపారం. టాకీ వచ్చి ఆ వ్యాపారం గొంతు నొక్కేసింది. హోమర్ కేప్‌హార్ట్ అనే అమ్మకాల మాంత్రికుడు (ఇతనే తర్వాత ఇండియానా నుంచి సెనేటర్ అయ్యాడు) 'సింప్లెక్స్' అనే రికార్డులు మార్చే యంత్రాన్ని వెంటబెట్టుకుని ఆ కంపెనీలో చేరాడు.

సింప్లెక్స్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇడ్లీ రేకుల్ని గుర్తుచేసుకుంటే చాలు. ఒకదాని మీద ఒకటి పళ్లేలు, ఒక్కో పళ్లెంలో ఒక్కో రికార్డు. పళ్లెం నడుమ పెద్ద చిల్లు. పాట ఎంచుకోగానే ఆ పళ్లెం ఒక్కటి దొంతరలోంచి పక్కకు జరిగి బయటికొస్తుంది. కింది నుంచి తిరిగే పీట ఒకటి లిఫ్టులా పైకి లేచి, పళ్లెం చిల్లులోంచి దూరి, రికార్డును నెత్తిన ఎత్తుకుని ముల్లు దాకా మోసుకెళ్తుంది. పాట అయ్యాక అదే దారిలో దిగుతుంది, రికార్డు పళ్లెంలో పడుతుంది, పళ్లెం దొంతరలోకి వెళ్లిపోతుంది. ఈ ఆటంతా అద్దంలోంచి కనిపించేలా పెట్టె కట్టారు. జనం పాట కోసం ఎంత వేశారో ఆట కోసమూ అంత నాణేలు వేశారంటే తప్పు కాదు.

దీనికి ఒక్కటే లోపం. రికార్డును కింది నుంచి ఎత్తాలి కాబట్టి పై వైపు ఒక్కటే మోగుతుంది. 24 రికార్డులుంటే 24 పాటలే. అటువైపు పాట ఉన్నా లేనట్టే.

ఆ లోపాన్ని దీపాలు కప్పేశాయి. స్విట్జర్లాండు నుంచి వలస వచ్చిన పాల్ ఫుల్లర్ వుర్లిట్జర్‌కు పెట్టెలు గీసేవాడు. 1946లో అతను గీసిన 1015 మోడల్ 56 వేల పైచిలుకు అమ్ముడుపోయింది. జూక్‌బాక్స్ అనగానే ఇవాళ ఎవరి కళ్ల ముందైనా మెదిలేది ఆ తోరణమే. గుండ్రటి నెత్తి, రెండు వైపులా రంగులు మారే స్తంభాలు, వాటి అంచు వెంబడి బుడగలు పైకి ఎగసే గాజు గొట్టాలు.

బుడగల వెనుక పంపు ఏమీ లేదు. గాలి తీసేసి మూసిన గొట్టంలో మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రవం ఉంటుంది. అది దాదాపు 40 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో మూత తీసి పెడితే పొయ్యి అక్కర్లేకుండానే మరిగిపోతుందన్నమాట. గొట్టం అడుగున చిన్న హీటరు ఆ ద్రవానికి పొగరెక్కిస్తుంది, పైకెళ్లిన ఆవిరి చల్లబడి మళ్లీ ద్రవమై దిగుతుంది. ఈ తిరుగుడులో కదిలి అరిగిపోయే భాగం లేదు. అందుకే డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి గొట్టాలు కొన్ని ఇంకా బుడగలు పోస్తూనే ఉన్నాయి. ఆ ద్రవం ఆవిరి మాత్రం విషం. గొట్టం పగిలిందా, కిటికీలు తెరిచి గదిలోంచి బయటికి నడవాల్సిందే.

అంతకన్నా చిత్రమైనది 1941 నాటి 850 మోడల్. దాన్ని నెమలి అంటారు. పెట్టె ముఖం మీద గాజు వెనకాల నెమలి బొమ్మ, దాని రంగులు క్షణక్షణానికీ మారతాయి. అందులో రంగు వేసినది ఏమీ లేదు. కాంతి తరంగాలు అన్ని దిశల్లోనూ ఊగుతాయి. పోలరాయిడ్ పొర ఒక్క దిశలో ఊగేవాటినే పోనిస్తుంది. అలాంటి రెండు పొరల నడుమ సెల్లోఫేన్ కాగితం పెడితే, దాని మందాన్ని బట్టి కొన్ని రంగులు మలుపు తిరిగి దాటిపోతాయి, కొన్ని ఆగిపోతాయి. ఒక పొరను మెల్లగా తిప్పితే ఆగినవి దాటుతాయి, దాటినవి ఆగుతాయి. గాజు పలక మీద సెల్లో టేపును అడ్డదిడ్డంగా అంటించి, ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని, పోలరాయిడ్ చలవ కళ్లద్దాలతో చూస్తే ఇంట్లోనే ఆ నెమలి కనిపిస్తుంది. కళ్లద్దాలను అటూ ఇటూ తిప్పడం మరిచిపోకూడదు.

నెమలి వెలుగు ఎంతో కాలం నిలవలేదు. అమెరికా యుద్ధంలోకి దిగింది. 1942లో జూక్‌బాక్స్‌ల తయారీ ఆపెయ్యమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. లోహం కరువై అప్పటికే వుర్లిట్జర్ 950 మోడల్‌లో చాలా చోట్ల కట్టె వాడింది. ఆ మోడల్ 3,400 చిల్లర మాత్రమే తయారైంది. అందుకే సేకరించేవాళ్ల కంట అది మణిలా మెరుస్తుంది. షికాగోలోని రాక్-ఓలా కంపెనీ జూక్‌బాక్స్‌లు పక్కనపెట్టి ఎం1 కార్బైన్ తుపాకులు చేసింది, రెండు లక్షలకు పైగా. అన్నట్టు ఆ పేరుకూ రాక్ అండ్ రోల్‌కూ చుట్టరికం లేదు. యజమాని ఇంటిపేరే రాకోలా.

యుద్ధం దెబ్బ రికార్డులకు ఇంకో దారిలో తగిలింది. ఆ దారి ఇండియా గుండా పోతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్ల రికార్డుకు బంక లక్క. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు కట్టుకునే గూడు అది. చోటానాగపూర్ అడవుల్లో గీకిన లక్క శుద్ధి అయి, షెల్లాక్ అనే పేరుతో ఓడలెక్కేది. రాయి పొడి, మసి కలిపి ఒత్తితే రికార్డు. ఏటికొప్పాక బొమ్మకు నునుపునిచ్చేదీ, హైదరాబాద్ లాడ్ బజార్ గాజుకు ఒళ్లయ్యేదీ, జార్జియాలో ఏ పల్లె బారులోనో పాట పాడిందీ ఒకే పదార్థమన్నమాట. 1942లో రికార్డులకు వాడే షెల్లాక్‌లో 70 శాతం కోత పెట్టారు. ఇండియా నుంచి వచ్చే సరుకుకు సముద్రం మీద భరోసా లేదు, వచ్చినది యుద్ధ అవసరాలకు కావాలి. పాత రికార్డులు పోగుచేసి కరిగించి కొత్తవి ఒత్తారు.

రాయి పొడి కలపడంలోనూ ఒక కిటుకుంది. ఉక్కు సూది మొదటి చుట్లలోనే ఆ గరుకుకు అరిగి, గాడి ఆకారానికి తగినట్టు తయారవుతుంది. సూది అరగాలి, గాడి మిగలాలి. రోజుకు పదుల సార్లు మోగే జూక్‌బాక్స్‌లో రెండూ అరిగేవి, అది వేరే సంగతి.

యుద్ధం తర్వాత అసలు విప్లవం వచ్చింది. దానికి తోరణాలూ లేవు, నెమళ్లూ లేవు. 1948 చివర్లో షికాగో సీబర్గ్ కంపెనీ ఎం100ఎ మోడల్ విడుదల చేసింది. 50 రికార్డులు, 100 పాటలు. ఇడ్లీ రేకుల పద్ధతికి స్వస్తి చెప్పి రికార్డుల్ని అరలో పుస్తకాల్లా నిలబెట్టారు. అర పొడవునా పట్టాల మీద ఒక బండి అటూ ఇటూ నడుస్తుంది. కావలసిన రికార్డు ఎదురుగా రాగానే టక్కున ఆగి, దాన్ని అరలోంచి తీసుకుని, నిలువుగానే పట్టుకుని తిప్పుతుంది. ముల్లు ఉన్న చెయ్యి పక్క నుంచి వచ్చి ఆనుతుంది.

రెండు వైపులా మోగించడానికి రికార్డును తిరగెయ్యనే లేదు. ఒకే తలకు రెండు సూదులు పెట్టారు, కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. మరి తిరగడం సంగతి? ముందుకు పోతున్న సైకిలు చక్రాన్ని కుడి పక్క నుంచి చూస్తే గడియారం ముళ్లలా తిరుగుతుంది, ఎడమ పక్కకు వెళ్లి చూస్తే ఎదురు తిరుగుతుంది. రికార్డుకు ఏ వైపు నుంచి చూసినా గడియారం దిశే కావాలి. అందుకని వైపు మారినప్పుడల్లా మోటారే ఎదురు తిరుగుతుంది. బండిని నడిపేదీ ఆ మోటారే. ఇటు నుంచి అటు పోయేటప్పుడు రికార్డుల ఒక వైపు పాటలు, అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు రెండో వైపు పాటలు. ఒక్క తిరుగుడుతో రెండు చిక్కులు తీరాయి. 1015 అందాన్ని కాదనలేం కానీ, ఇంజనీరు తెలివి చూడాలంటే ఎం100ఎ తలుపే తెరవాలి.

వరస తప్పే రహస్యం కూడా ఇక్కడే దొరుకుతుంది. బండికి ఎవరు ముందు అడిగారో తెలియదు. దానికి తెలిసిందల్లా అరలో ఏ రికార్డు దగ్గర గుర్తు లేచి ఉందన్నదే. ఎం100ఎలో ఆ గుర్తు ఒక చిన్న పుల్ల. పాట నొక్కగానే విద్యుదయస్కాంతం దాన్ని తోస్తుంది. బండి నడుస్తూ ఎదురైన పుల్ల దగ్గర ఆగుతుంది. పోస్ట్‌మాన్ ఉత్తరాల సంచితో వీధిలో నడుస్తున్నట్టు ఊహించుకోవచ్చు. ఏ ఉత్తరం ముందు పోస్టు చేశారన్నది అతనికి అక్కర్లేదు, ఏ ఇల్లు ముందు వస్తే ఆ ఇంటి తలుపే తడతాడు. వీధి చివర మొదటగా అడిగినవాడు కాచుకుని కూర్చోవలసిందే.

పుల్లల్ని కూడా పక్కకు నెట్టింది 1955 నాటి సీబర్గ్ వి200. దాంట్లో 200 పాటలు. గుర్తు పెట్టుకునే పనికి 'టార్‌మాట్' అనే భాగం పెట్టారు. లోపల ఫెరైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన బుల్లి చిల్లుగారెలు, పాటకు ఒకటి చొప్పున. చిల్లులోంచి తీగలు దూరి ఉంటాయి. పాట నొక్కితే తీగలో ఒక్క క్షణం కరెంటు పారుతుంది, గారె అయస్కాంతత్వం ఒక వైపు తిరుగుతుంది. కరెంటు పోయినా అది అలాగే ఉంటుంది. బండి ఆ గారె స్థానానికి వచ్చినప్పుడు ఎదురు దిశలో ఇంకో కరెంటు తోస్తారు. గారె తిరగబడితే తీగలో చిన్న కుదుపు పుడుతుంది. ఆ కుదుపును పట్టుకుని బండిని ఆపుతారు. ఆ పాట ఎవరూ నొక్కి ఉండకపోతే కుదుపు ఉండదు, బండి సాగిపోతుంది.

కంప్యూటర్ల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది ఎక్కడో విన్న కథలా ఉంటుంది. మసాచుసెట్స్‌లో ఎంఐటీ వాళ్ల వర్ల్‌విండ్ కంప్యూటర్‌కు ఇలాంటి అయస్కాంత ఉంగరాల మెమరీ అమర్చింది 1953లోనే. రెండేళ్లు తిరిగేసరికి అదే సూత్రం హాంబర్గర్ దుకాణంలో చిల్లర నాణేనికి పనిచేసింది. చుట్టూ కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

టార్‌మాట్ గుణం ఇంకొకటి సేకరించేవాళ్లు నవ్వుతూ చెబుతారు. గుర్తును చదవడం అంటే దాన్ని చెరిపేయడమే. అదీ కాక గారెకు ఉన్నవి రెండే స్థితులు. అందుచేత ముగ్గురు వేరువేరుగా నాణేలు వేసి ఒకే పాట నొక్కితే, గారె మొదటిసారే తిరుగుతుంది, మిగతా రెండు నొక్కులూ గాలికి పోతాయి. పాట ఒక్కసారే మోగుతుంది. యజమాని డబ్బాలో మాత్రం మూడు నాణేలు.

టేబులు దగ్గర నుంచి లేవకుండా పాట అడగడానికి గోడ పెట్టెలు వచ్చాయి. సీబర్గ్ 'వాల్-ఓ-మాటిక్' వాటిలో పేరున్నది. మీట నొక్కగానే లోపల ఒక చెయ్యి తిరుగుతూ తీగలోకి టకటకమని విద్యుత్ స్పందనల్ని రెండు గుంపులుగా పంపుతుంది, మధ్యలో కాస్త ఎడం. వేలు పెట్టి తిప్పే పాత టెలిఫోను డయల్ భాష అదే. గుంపుల్లో ఎన్ని స్పందనలున్నాయో లెక్కపెడితే ఏ పాటో తేలిపోతుంది. ఇప్పుడు ఔత్సాహికులు ఈ పెట్టెల్ని చవక చిట్టి కంప్యూటర్లకు తగిలించి, లెక్కపెట్టే పని వాటికి అప్పగించి, ఇంటర్నెట్ పాటలు పాడిస్తున్నారు. ముక్కుసూటి సేకర్తలకు ఇది నచ్చదు. కానీ పెట్టె చెత్తలోకి పోయే కన్నా మేలు కాదూ?

పాత యంత్రం ఇంటికి వచ్చాక మొదటి నెలలన్నీ మురికితోనే సరి. ఏళ్ల కిందట వేసిన గ్రీజు మైనంలా బిగుసుకుని ఇరుసుల్ని పట్టేస్తుంది. మోటారు మూలుగుతుంది కానీ బండి కదలదు. తెలియనివాడు మోటారు పోయిందనుకుంటాడు. తెలిసినవాడు ద్రావకంలో ముంచిన గుడ్డతో ఒక్కో ఇరుసూ తుడిచి, సన్నటి నూనె బొట్టు వేసి, చేత్తో ఒకసారి తిప్పి చూస్తాడు. ఆంప్లిఫయర్‌లో కాగితపు కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, వాటిని మార్చక తప్పదు. దీపాల వేడికి ప్లాస్టిక్ వంకర్లు పోయి, చీలికలిచ్చి ఉంటుంది. అచ్చు అలాంటిదే కొత్తది పోసి పెట్టాలా, చీలికతోనే ఉంచాలా అన్న దగ్గర సేకర్తలు రెండు వర్గాలు. ఆ తగవు ఇప్పట్లో తేలేది కాదు.

అన్నిటికన్నా తక్కువ మరమ్మతు అడిగేది నాణెం దారి. అక్కడి ఫిజిక్సు సొగసైనది. నాణెం చీలికలోంచి పడగానే ఒక చిన్న తూనిక దాని బరువూ కొలతా చూస్తుంది. తర్వాత అది ఏటవాలు దారిలో ఒక అయస్కాంతం ముందు నుంచి దొర్లుతుంది. ఇనుప బిళ్లయితే అక్కడే అతుక్కుంటుంది. రాగి, వెండి లాంటివి అతుక్కోవు కానీ, అయస్కాంతం ముందు కదిలే లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని వెనక్కి లాగుతాయి. కరెంటు ఎంత బాగా ప్రవహించే లోహమైతే అంత గట్టిగా బ్రేకు పడుతుంది. ఆ వేగాన్ని బట్టే నాణెం కొస నుంచి ఎగిరి ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. దొంగ బిళ్ల వేగం తేడాగా ఉండి బయటికి దొర్లిపోతుంది.

ఇలాంటి యంత్రాలు ఊరూరా ఉండడంతో అమెరికా టంకసాలే వాటికి తలొగ్గవలసి వచ్చింది. యుద్ధంలో నికెల్ లోహం దొరక్క 1942లో ఐదు సెంట్ల నాణేన్ని రాగి, వెండి, మాంగనీసు మిశ్రమంతో పోశారు. ఆ పాళ్లు కుదిర్చేటప్పుడు నాణెం యంత్రాలు మోసపోకూడదన్నది ఒక షరతు. 1965లో డైమ్, క్వార్టర్ నాణేల్లోంచి వెండి తీసేసినప్పుడూ అంతే. లోపల రాగి, పైన రాగి-నికెల్ పొరలు పెట్టి, యంత్రానికి వెండి నాణెంలాగే తోచేలా చేశారు.

యుద్ధపు రోజులు పోను, ఐదు సెంట్ల నాణెం మారలేదు. 5 గ్రాముల బరువు, 21.2 మిల్లీమీటర్ల అడ్డుకొలత, మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్. 1889లో సారా దుకాణంలో గొట్టం చెవిన పెట్టుకున్నవాడు వేసింది అదే కొలత నాణెం. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కిరాణా కొట్టు చిల్లరగా చేతికొచ్చిన నికెల్‌ను బాగుచేసిన 1015 చీలికలో వేసినా అది అదే దారిన దొర్లుతుంది, తూనిక దాటుతుంది, అయస్కాంతం ముందు కాస్త తడబడి అవతల పడుతుంది. లోపల ఒక పళ్లెం పక్కకు జరుగుతుంది.